మస్తాన్ మామ సంచిలో షోరూం చీర

ఒక గుడ్డ సంచి మనిషి పరువును ఎంత అన్యాయంగా తీయగలదో తెలియాలంటే నా కథ వినాలి. నవ్వొస్తే నవ్వండి, మొహమాటపడకండి. ఇన్నేళ్లకు నాకే నవ్వొస్తోంది. అప్పుడు మాత్రం భూమి చీలిపోతే అందులోకి దూరి, పైనుంచి మట్టి కూడా నేనే లాక్కుందామనిపించింది.

పులివెందులలో ఒక ప్రైవేటు బడిలో నాకు టీచరు ఉద్యోగం కొత్తగా వచ్చింది. మొదటి జీతంతో అమ్మకు చీర కొనాలి. మాది జమ్మలమడుగు. మా ఊళ్లో చీరలు దొరకవని కాదు గానీ, మా ఇంట్లో ఎవరికి గుడ్డలు కావాలన్నా ప్రొద్దుటూరులో మస్తాన్ మామ అంగడికి పోవాల్సిందే. నా పరికిణీలూ, మా నాన్న పంచెలూ, అమ్మ చీరలూ అన్నీ ఆ అంగట్లోవే.

"మస్తానన్న కాడనే తీసుకో పాపా. నాకు యా రంగు బాగుంటాదో ఆయప్పకే తెలుసు," అంది అమ్మ ఫోన్లో.

"అట్లేలేమా," అన్నాను. ఎంత సులభంగా అన్నానో!

అంగడి అంటే మరీ పెద్దది ఊహించుకోకండి. నలుగురు కూర్చుంటే ఐదో మనిషి మెట్టు మీద కూర్చోవాలి. చెప్పులు కింద విడిచి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద చేరగిలబడితే ముందు టీ వచ్చేది. తర్వాత ఇంటి సంగతులు. ఆ తర్వాతే చీరలు. బిల్లు అనే మాటే లేదు. "సంచి ఉంది కదమ్మా, ఇంకా కాగితమెందుకు?" అనేవాడు. నీలం అక్షరాల తెల్ల గుడ్డ సంచి అది. ఆ సంచిలో పెట్టి ఏది తెచ్చినా మారుమాట లేకుండా వెనక్కి తీసుకుని ఇంకొకటి ఇచ్చేవాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, మస్తాన్ మామ అడగకపోయినా కొసరు పెట్టేవాడు. రవిక గుడ్డో, చేతిరుమాలో ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా పంపింది లేదు.

సరే, బస్సు దిగి ఆ అంగడికే బయలుదేరాను. ఒట్టు. దారిలో ఒక అద్దాల మేడ అడ్డం వచ్చింది. దేశమంతా కొట్లున్న ఏదో పెద్ద కంపెనీ కొత్తగా తెరిచిన మూడంతస్తుల షోరూం. ఊరికే చూద్దామని దగ్గరికి పోయానా, తలుపు తనంతట తనే తెరుచుకుంది. మా ఇంటి తలుపు నాలుగు తన్నులు తంటే గానీ తెరుచుకోదు. అంత మర్యాద నాకు అంతకుముందు ఏ తలుపూ చేయలేదు. లోపలికి పోయాను.

మామిడిపండు రంగు చీర, వంకాయ రంగు అంచు. "సూపర్‌గా ఉంటుంది మేడం," అంది అక్కడి అమ్మాయి. మేడం! జీతం చేతికొచ్చిన వారానికే మేడం! డబ్బులు కట్టి, అలవాటు కొద్దీ చెయ్యి చాపాను.

"కొసరేమీ లేదా?"

"అంటే ఏంటి మేడం?"

"అదేమ్మా... రవిక గుడ్డ లాంటిది."

"పాయింట్లు వస్తాయి మేడం. ఫోన్ నంబర్ చెప్పండి."

పాయింట్లతో రవిక ఎట్లా కుట్టిస్తారో తెలియకపోయినా, మళ్లీ మేడం అన్నందుకు నంబరు చెప్పేశాను. ఇప్పటికీ నా పుట్టినరోజున ఇంట్లో అందరికంటే ముందు ఆ కంపెనీయే మెసేజి పెడుతుంది.

బస్టాండుకు వచ్చాక అమ్మ గుర్తొచ్చింది. అప్పుడు నా మహా తెలివి పనిచేసింది. టిఫిన్ డబ్బా పెట్టుకున్న మస్తాన్ మామ పాత సంచి చేతిలోనే ఉంది. డబ్బా తీసి చీర అందులో పెట్టాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, హాయిగా జమ్మలమడుగు బస్సెక్కాను.

అమ్మ చీర విప్పింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఇది మస్తానన్న ఇచ్చినాడా?"

"ఆయనేమా. సంచి చూడు."

అమ్మ కోప్పడుతుందనో, అనుమానిస్తుందనో అనుకున్నాను. ఆమె నిట్టూర్చింది. "పాపం! ఆయప్పకు కండ్లు మసకలు వచ్చినాయి. లేకుంటే ఈ అంచు నాకిస్తాడా?"

అమ్మ బాధ పక్కింటికి పోయింది. పక్కింటి నుంచి ఎదురింటికి పోయింది. మా వీధంతా ఆయన దగ్గర కొనేవాళ్లే. సాయంత్రానికల్లా మా వీధిలో మస్తాన్ మామకు రెండు కళ్లకూ ఆపరేషన్ అయిపోయింది, ఒకటి సరిగ్గా కుదరలేదు కూడా. ఆ మనిషి బతుకంతా ఆ కళ్ల మీదే. ఈ రంగు నీకు, ఆ రంగు మీ చెల్లెలికి అని ఏరి ఇచ్చేవాడనే జనం ఆయన దగ్గరికి పోయేది. అయినా నోరు విప్పానా? విప్పలేదు.

ఆదివారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరికి బయలుదేరింది. "తలనొప్పిమా," అన్నాను. "బస్సులో గాలి తగిలితే పోతాదిలే," అంది.

మస్తాన్ మామ టీ చెప్పి సంచి అందుకున్నాడు. చీర విప్పాడు. మడతలో ఆ షోరూం స్టిక్కరు! నేను పీకడం మరిచిన స్టిక్కరు! ఆయన దాన్ని చూశాడు. నన్ను చూశాడు. మెల్లగా బొటనవేలు దాని మీద పెట్టి మూసేశాడు. నేను తేలు కుట్టిన దొంగలా టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

"ఏందన్నా ఇది? ఈ వంకాయ అంచు నాకా?" అంది అమ్మ.

ఆయన వేలు తీయకుండానే చీర మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "నాదే తప్పుమా. ఈ మధ్య కండ్లు సరిగ్గా ఆనడం ల్యా," అన్నాడు. ఇంకో చీర తీసి ఇచ్చాడు. కొసరు రవిక గుడ్డ మాత్రం నా చేతిలో పెట్టాడు. అది చేతిలో నిప్పులా కాలింది.

తర్వాతి ఆదివారం ఒక్కదాన్నే పోయాను.

"మామా, ఆ చీర నీది కాదు."

"తెలుసు పాపా. చీర నాది కాకుంటే ఏమాయ, సంచి నాదే కదా."

అక్కడే ఏడ్చేశాను. "ఆ చీర నాకిచ్చేయ్ మామా, దుడ్లు ఇస్తా."

"యాడుంది? అమ్మేస్తినే."

"ఎవరికి?"

"మీయమ్మకే! మొన్న బేస్తవారం దిండు గలీబులకని వచ్చె. గడప కాడ ఎండలో పరిచి, పక్కన ఆకుపచ్చ రవిక గుడ్డ పెట్టి చూపిస్తి. పట్టుకుంటే వదల్యా. చీరలో తప్పేం లేదు పాపా, వాళ్లకు చూపించడం రాలేదు. నాకు కండ్లు పోయినాయని మీ వీధంతా అనుకుంటాంటే ఊరకుంటానా?"

జమ్మలమడుగుకు పరిగెత్తాను. అమ్మ ఆ చీరే కట్టుకుని కనకాంబరాలు మాల కడుతోంది. బంగారంలా ఉంది.

"ఇది అదే చీర కదమా!"

"యాడ అదే? అది నువ్వు తెచ్చింది. ఇది మస్తానన్న చూపించి ఇచ్చింది. ఆయప్పకు కండ్లు బాగైనాయిలే."

ఆ విధంగా ఒకే చీరను మా ఇంట్లో రెండుసార్లు కొన్నాం. మా వీధిలో ఆపరేషన్ కూడా సక్సెస్ అయింది.

ఇప్పుడు మస్తాన్ మామ లేడు. ఆ అంగట్లో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ప్రొద్దుటూరు పోయినప్పుడల్లా కాళ్లు అటే లాగుతాయి, మెట్టు దాకా పోయి వెనక్కి వస్తాను. షోరూంలో నేను ఏది పట్టుకున్నా సూపర్ మేడం అంటారు. "ఇది నీకొద్దు పాపా" అనేవాళ్లు లేరు. నా దగ్గర బోలెడు పాయింట్లు ఉన్నాయి. నాకు ఏ రంగు బాగుంటుందో చెప్పే మనిషి మాత్రం లేడు. ఆ మాట కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

కాబట్టి అక్షరాలు సగం చెరిగిన ఆ పాత సంచి మీద చెయ్యి వేసి, మీ అందరి ముందూ ఒట్టు పెడుతున్నాను. ఈ జన్మలో ఇంకే షోరూం చీరనూ మస్తాన్ మామ సంచిలో పెట్టను. తప్పుతానేమోనని మీరేం భయపడొద్దు. తప్పాలని నాకే ఎంతో ఉంది, ఆ సంచి చూసి చీర వెనక్కి తీసుకునేవాళ్లు ఉంటే.