పక్క సీటు బరువు

తాతయ్యను డిపోలో అందరూ నలభై గారు అనేవారు. అది వయసు లెక్క కాదు. ముప్ఫై మూడేళ్ళు సిటీ బస్సు నడిపి, ఒక్కరోజు కూడా స్పీడు ముల్లును నలభై దాటనివ్వని మనిషి కనక ఆ పేరు స్థిరపడిపోయింది. పక్కనుంచి సైకిళ్ళు దాటిపోయినా చలించేవాడు కాదు. ఎవరైనా విసుక్కుంటే, తొందరున్నవాళ్ళు ముందు బస్సు ఎక్కాల్సింది అనేవాడు.

అలాంటి మనిషి ఉద్యోగం అయిపోయిన ఏడాదికి ఎర్రటి స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు. నేలకు జానెడు ఎత్తులో పాకుతున్నట్టుంటుంది. ఒక పళ్ళ డాక్టరు పదిహేనేళ్ళు వాడుకుని, నడుము పట్టేసి వదిలించుకున్న బండి. ఇంట్లోవాళ్ళు ముందు నమ్మలేదు. నమ్మాక, ఈయన్ని ఎవరికైనా చూపిద్దామా అనుకున్నారు.

"ఇప్పుడీ కారెందుకు నాన్నా?" అని పెద్ద కూతురు నిలదీసింది.

"మీ అమ్మ ఎప్పుడూ నా పక్కన కూర్చోలేదే," అన్నాడు తాతయ్య.

నిజమే. బస్సు డ్రైవరు పక్కన సీటుండదు. అమ్మమ్మ ఆయన బస్సే ఎక్కినా, టికెట్ కొనుక్కుని మూడో వరసలో కూర్చునేది. అక్కణ్ణుంచి ఆమెకు కనిపించేది మొగుడి మెడ వెనక భాగమే. కాలరు అరిగిందో లేదో చూసుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదని ఆమె అంటుంది. అమ్మమ్మ దర్జీ. ఆమెకు లోకమంతా కుట్లూ అంచులే.

కారు కొని ఊరుకుంటే బాగుండేది. కొన్నాక తాతయ్యకు దాన్ని బాగుచేసే పిచ్చి పట్టింది. పాడైతే బాగుచేయడం వేరు, ఇది బాగున్నదాన్ని ఇంకా బాగుచేయడం. ముందు ఇంజనుకు గాలి పీల్చే గొట్టం మార్చాడు, లావుపాటిది పెట్టాడు. తర్వాత సైలెన్సరు. దాంతో కారుకు గొంతొచ్చింది. వీధి చివర సెలూన్ నడిపే అతను, తాతయ్య ఇంటి దగ్గర తాళం తిప్పగానే గడ్డం గీసే కత్తిని మనిషి చెంప మీంచి తీసి పక్కన పెట్టేవాడు. ఇన్ని మార్చి తాతయ్య నడిపింది మాత్రం ఎప్పటి నలభైలోనే. సింహంలా అరుస్తూ తాబేలులా వెళ్ళే కారు ఆ వీధిలో అదొక్కటే.

"ఆ స్ప్రింగులేవో మెకానిక్కుకి ఇవ్వకూడదూ?" అంది అమ్మమ్మ, మూడో పార్సిలు వచ్చిన రోజున.

"ముప్ఫై మూడేళ్ళు వాళ్ళు బిగించింది నేను నడిపాను. ఒక్కసారి నేను బిగించింది నేను నడుపుతా."

షెడ్డుకూ అమ్మమ్మ కుట్టుగదికీ మధ్య ఒకే గోడ, ఆ గోడకో కిటికీ. ఇద్దరి కాపురమూ ఇప్పుడు ఆ కిటికీ గుండానే నడుస్తోంది. ఇవతల ఏదైనా కిందపడితే అవతల మిషను ఆగుతుంది. తాతయ్య దగ్గితే మళ్ళీ మొదలవుతుంది. దగ్గు అంటే మనిషి బతికే ఉన్నాడని.

పార్సిల్లో వచ్చినవి నాలుగు పసుపు స్ప్రింగులు, వాటి మధ్య కుదుపుల్ని మింగే నాలుగు షాకులు. షాకు గొట్టం చుట్టూ మరలుంటాయి. ఆ మరల మీద స్ప్రింగును మోసే రింగొకటి. కొక్కెం లాంటి స్పానరుతో దాన్ని పైకి తిప్పితే కారు లేస్తుంది, కిందికి తిప్పితే దిగుతుంది. కారు ఎంత దిగితే మలుపులో అంత గట్టిగా నేలను పట్టుకుంటుందని తాతయ్య చదివాడు. నలభైలో వెళ్ళే మనిషికి మలుపులో పట్టెందుకని ఎవరూ అడగలేదు. అడిగితే మొహం మాడ్చుకుంటాడు.

పని మొదలుపెట్టే ముందు రోజూ, డిపోలో అలవాటైనట్టే, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి నాలుగు టైర్లూ తట్టేవాడు. అందులో ఒకటి విప్పి గోడకు ఆనించి ఉన్నా సరే, అక్కడికి వెళ్ళి తట్టేవాడు. జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి, భుజంతో కారును రెండుసార్లు నెట్టి చూసి, అప్పుడే కిందికి దూరేవాడు. విప్పిన బోల్టులు అమ్మమ్మ గుండీల డబ్బా మూతల్లో పెట్టి, ముందు ఎడమ, వెనక కుడి అని సుద్దతో రాసుకునేవాడు. ఒక కస్టమరు కోటుకు గుండీ బదులు వాషరు పడబోయిందని అమ్మమ్మ ఇల్లు పీకి పందిరేసింది. ఆమె మూతలు ఆమెకు దక్కలేదు.

ఎడమ వెనక కింది బోల్టు మూడు రోజులు కదల్లేదు. నూనె కొట్టాడు, ఆగాడు, మళ్ళీ కొట్టాడు. నాలుగో రోజు స్పానరుకు ఇనప గొట్టం తొడిగి బలంగా లాగితే అది ఠప్పున వదిలింది, దాంతోపాటు తాతయ్య వేళ్ళ మీద చర్మమూ వదిలింది. కిటికీలోంచి ఒక గుడ్డపేలిక వచ్చి పడింది.

నాలుగు మూలలా కొత్తవి ఎక్కాయి. ఇక చివరి బిగింపు. రబ్బరు బుష్షులున్న బోల్టుల్ని చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగించకూడదు. అలా బిగిస్తే, కారు దిగాక ఆ రబ్బరు మెలితిరిగి నాలుగు నెలల్లో చిరిగిపోతుంది. కారు నేల మీద నిలబడాలి, మనుషులు కూర్చున్నంత బరువూ అందులో ఉండాలి, అప్పుడు బిగించాలి. ఎత్తు సరిచూసేదీ అప్పుడే. తాతయ్య తన బరువు సంచి కట్టుకున్నాడు. పాత సామాన్ల కొట్టు నుంచి కాటా తెచ్చి, ఇసక తూచి, సరిగ్గా అరవై ఏడు కిలోలు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"ఏమే, నీ బరువెంత?"

మిషను ఆగలేదు. "ఎందుకూ?"

"సంచి కట్టాలి."

"యాభై ఆరు."

ఇక్కడ అమ్మమ్మ వృత్తి గురించి ఒక మాట చెప్పాలి. నలభై ఏళ్ళుగా ఆమె ఆడవాళ్ళ నడుముకు టేపు చుట్టి, పైకి రెండు అంగుళాలు తక్కువ చెబుతుంది, పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసుకుంటుంది. నోటి అంకె విని మనిషి మురిసిపోతుంది, పుస్తకం అంకెతో కుట్టిన బట్ట సరిపోతుంది. అమ్మమ్మ దీన్ని అబద్ధం అనదు, పనిలో మర్యాద అంటుంది. ఇప్పుడామె చెప్పింది నోటి అంకె. తాతయ్య దాన్ని పుస్తకం అంకె అనుకున్నాడు. పెళ్ళయినప్పట్నుంచీ ఆమె కొలిచిన చొక్కాలు తొడుక్కున్నవాడు, ఆమె అంకెను అనుమానిస్తాడా? పైగా ఆ సంచి కుట్టిచ్చింది కూడా ఆమే.

సంచులు రెండూ సీట్లలో పెట్టి, బోల్టులు బిగించాడు. తర్వాత తన సంచి దింపి, దాని చోట తను కూర్చుని, వీధి చివర స్పీడ్ బ్రేకరు దాకా వెళ్ళాడు. గట్టు మీద తడి బంకమట్టి అద్ది, మెల్లగా ఎక్కించి దించాడు. మట్టి గీరుకుంటే ఇంటికొచ్చి రింగులు తిప్పాడు, మళ్ళీ వెళ్ళాడు. మధ్యాహ్నమంతా ఇదే. సెలూన్ అతను గుమ్మంలో కుర్చీ వేసుకుని చూశాడు. చివరికి కారు పొట్టకూ మట్టికీ మధ్య అగ్గిపుల్ల మందం మిగిలింది. తాతయ్య తృప్తిగా నిట్టూర్చాడు. ఇంతకన్నా దించలేం, ఇంతకన్నా ఎత్తనక్కర్లేదు.

ఆదివారం పొద్దున అమ్మమ్మను కొండదారికి తీసుకెళ్ళాలని ఏర్పాటు. ఆమె కొత్త బట్టలు కుట్టుకుంది. మోకాళ్ళు సహకరించవు కనక, ముందుగా సీట్లో కూలబడి తర్వాత కాళ్ళు లోపలికి తిప్పుకుంది. సీటు బెల్టు కుట్టును వేలితో తడిమి, పర్వాలేదు, రెండు వరసలు వేశాడు అంది. వీధి చివర స్పీడ్ బ్రేకరు వచ్చింది.

గర్ర్ర్ మని కారు కింద ఏదో గీరుకుంది. రేకును రంపంతో కోసినట్టు.

సెలూన్ అతను తల బయటపెట్టాడు. పాపం, మనసులో ఏమీ లేని మనిషి. "మొన్న ఒక్కరే వెళ్ళొచ్చినప్పుడు ఈ చప్పుడు లేదే తాతగారూ?"

లోపల మొహం నిండా నురగతో కూర్చున్న ఆయన నవ్వాడు. ఆ నురగలోంచి పళ్ళు కనిపించాయి.

అమ్మమ్మ తలుపు తీసింది. ఎక్కడానికి ఐదు నిమిషాలు పట్టిన మనిషికి దిగడానికి క్షణం పట్టలేదు. ఇంటివైపు నడిచింది. తాతయ్య రివర్సులో ఆమె పక్కనే, ఆమె నడకకు సరిపడా వచ్చాడు. బస్సునైనా ఆయన అంత నెమ్మదిగా నడపలేదు.

"ఎక్కవే."

ఆమె నడక తగ్గించలేదు.

"స్ప్రింగులో ఏదో లోపం ఉంది. అంతే."

"ఉంటుంది," అంది అమ్మమ్మ ముందుకే చూస్తూ. "నేనిక దీన్ని ఎక్కను. దానికి నేనంటే పడదు."

ఆ రోజు కిటికీ మూసుకుంది.

తాతయ్య లోపం వెతికాడు. ఎడమ షాకు విప్పి కొలిచాడు. కుడిదానితో మార్చి చూశాడు. సంచితో వెళ్తే చప్పుడు లేదు. మళ్ళీ విప్పాడు. రెండు రింగులు పైకి తిప్పేస్తే పోయేదానికి ఇంత యాతనెందుకని మనమంటాం. ఆయన ఒప్పుకోడు. లెక్క ఎక్కడ తప్పిందో తెలియకుండా కారును ఎత్తడమంటే, ఎందుకొచ్చిందో తెలియని జ్వరానికి దుప్పటి కప్పడమేనంటాడు. మూడోసారి విప్పేటప్పటికి వేళ్ళ మీద పాత గాయాల పక్కన కొత్తవి చేరాయి. నాలుగో రోజు సంచి ముందు స్టూలు వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత పసుపు స్ప్రింగుల్ని తుడిచి అట్టపెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు.

సెలూన్ అతను వచ్చాడు, తన మాట ఎంత దూరం వెళ్ళిందో ఆలస్యంగా తెలిసి. "ఏంటి తాతగారూ, పాతవే వేసేస్తారా?"

"వేసి అమ్మేస్తా. ఎవరైనా ఉంటే చెప్పు."

"అయ్యో, ఎందుకండీ? మీరు నడుపుకోవచ్చుగా."

"ఒక్కణ్ణే నడపడం ముప్ఫై మూడేళ్ళు చేశాను. ఆ ముచ్చట తీరిపోయింది."

అతను టైరొకటి తట్టి వెళ్ళిపోయాడు.

మూసిన కిటికీ అవతల మిషను ఎప్పుడు ఆగిందో తాతయ్య గమనించలేదు. తల తిప్పేసరికి అమ్మమ్మ షెడ్డు గుమ్మంలో ఉంది, మెడలో టేపుతో. ఆయన్ని చూడలేదు. సీట్లో కూర్చున్న ఇసక సంచిని, అది తన సవతి అన్నట్టు, పైనుంచి కింది దాకా చూసింది.

"ఇందులో ఇంకో ఇరవై రెండు కిలోలు పొయ్యండి," అంది.

తాతయ్య చేతిలో స్పానరు అలాగే ఆగింది. మనసులో కూడిక జరిగింది. ఆ సమయంలో ఆయనకు అనదగ్గ మాటలు పదో పదిహేనో తట్టి ఉంటాయి, అన్నీ బాగుండేవే. కానీ వెనకనుంచి ఎవరేమన్నా రోడ్డు మీంచి చూపు తిప్పకుండా బతికిన మనిషి. అది ఇప్పుడు పనికొచ్చింది.

"సంచి పట్టదే," అన్నాడు.

"అతుకు వేస్తాను."

"ఊఁ."

"మోకాలికి చూపించుకోడానికి వెళ్ళినప్పుడు నర్సు ఎక్కించి చూసింది. డెబ్భై ఎనిమిది." టేపు కొసను వేలికి చుట్టుకుంది. "నవ్వాలనుంటే నవ్వండి."

"నవ్వితే నువ్వు ఎక్కవు."

"ఎక్కుతానని ఎవరన్నారు?"

తాతయ్య అట్టపెట్టెలోంచి స్ప్రింగొకటి బయటికి తీశాడు. "తప్పు నాదీ ఉందిలే. అగ్గిపుల్ల మందం వదిలాను. బస్సుకైతే బెత్తెడు వదిలేవాణ్ణి. కారు రంగు చూసి ఆశపడ్డాను."

అమ్మమ్మ సంచి చెవులు పట్టుకుని లాగబోయి, కదలకపోతే ఆయనవైపు చూసింది. "దీన్ని దింపండి. అతుకెందుకు, నేనే కూర్చుంటా. నా కొలత నా మీదే తియ్యండి."

స్ప్రింగులు మళ్ళీ ఎక్కించి, కారును నేలకు దించేసరికి రెండు రోజులు పట్టింది. మూడోనాడు అమ్మమ్మ సీట్లో కూర్చుని ఎవరిదో పాంటు అంచు కుడుతుంటే, తాతయ్య కింద పడుకుని ఒక్కో బోల్టూ బిగించాడు. కిందనుంచి మాటలు, పైనుంచి జవాబులు.

"కదలకు."

"సూదితో కుట్టేటప్పుడు కదలకుండా ఎలా?"

"అయితే మెల్లగా కుట్టు."

బిగింపు అయ్యాక, తన సంచిని డ్రైవరు సీట్లోనే ఉంచి రింగులు తిప్పాడు. తిప్పినప్పుడల్లా అమ్మమ్మ తలుపు తీసి సీట్లోంచే వంగి, వెనక చక్రం మధ్యనుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపు పట్టి, అంకె పైకి చదివింది. తాతయ్య ఒకసారి ఆ అంకె విని ఆమె మొహం చూశాడు.

"ఇది కారు నడుము," అంది అమ్మమ్మ. "దానికి సిగ్గు లేదు. రాసుకోండి."

ఈసారి బొటనవేలి మందం వదిలారు.

"సెలూన్ మూసే వేళకు వెళ్ళి చూద్దామా?" అన్నాడు తాతయ్య, ఆమె మనసు కష్టపెట్టకూడదని.

"తీసే ఉండాలి. జనం కూడా ఉండాలి."

జనం ఉన్నారు. ఇద్దరు కుర్చీల్లో, ముగ్గురు బెంచీ మీద. కారు గొంతు వినగానే సెలూన్ అతను కత్తి పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చాడు. ముందు చక్రాలు గట్టెక్కాయి, దిగాయి. వెనక చక్రాలు ఎక్కాయి, దిగాయి. సైలెన్సరు గొంతు తప్ప మరే చప్పుడూ లేదు.

అమ్మమ్మ అద్దం దించింది. "ఏం నాయనా, ఏమైనా వినపడిందా?"

"లేదమ్మా," అన్నాడతను చేతులు కట్టుకుని.

"సరిగ్గా విన్నావా? కావాలంటే మళ్ళీ వస్తాం."

"వద్దమ్మా. ఏమీ లేదు."

అద్దం పైకి లేచింది. తాతయ్య ఊరు దాటి కొండదారి పట్టించాడు. మొదటి మలుపులో కారు నేలను అతుక్కున్నట్టు తిరిగింది. రెండో మలుపు దగ్గర అమ్మమ్మ పక్కకు చూసింది. ఇన్నేళ్ళలో బండి నడుపుతున్న మొగుడి మొహం ఆమె చూడటం ఇదే మొదటిసారి. కళ్ళు రోడ్డు మీద, పెదాలు మాత్రం కదులుతున్నాయి.

"ఏంటలా గొణుగుతున్నారు?"

తాతయ్య ఉలిక్కిపడ్డాడు. "ఏం లేదు. స్టాపుల పేర్లు."

"ఇక్కడ స్టాపులేంటి?"

"అలవాటు. వరసగా అనుకుంటూ పోతే చెయ్యి తిన్నగా ఉంటుంది. మొదట్నుంచీ అంతే."

"ఎప్పుడూ చెప్పలేదే."

"ఎవరూ అడగలేదు."

అమ్మమ్మ ఆ పెదాల్నే చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆమెకు మాటలు అందాయి. పెద్దాసుపత్రి. కూరగాయల మార్కెట్టు. పోస్టాఫీసు. మిల్లు గేటు.

"ఆగండి," అంది. "పోస్టాఫీసు తర్వాత పాత వంతెన. దాటేశారు."

"నీతో మాట్లాడుతూ దాటేశాను."

"అక్కడ దిగాల్సినవాళ్ళు ఏం కావాలి? మళ్ళీ మొదట్నుంచి చెప్పండి, పైకి," అంది అమ్మమ్మ, సీట్లో కాస్త ఇటు తిరిగి కూర్చుంటూ.