మూడో అంతస్తు నుంచి దిగిన బుట్ట

ఈ ఉదయం చేపల కోసం మా వీధి చివరి కొత్త అపార్ట్‌మెంట్‌కి వెళ్లాను. ఏలూరులో ఇప్పుడు కట్టేవన్నీ అలాంటివే: కింద షాపులు, పైన ఫ్లాట్లు. అక్కడ ఒక షాపులో కైకలూరు నుంచి వచ్చిన మంగమ్మగారు చేపలు అమ్ముతారు. ఈ రోజు సగమే ఎత్తిన ఆ షాపు షట్టర్ మీద ఫ్లాట్ల సంఘం నోటీసు అంటించి ఉంది. నీచు వాసన వస్తోందట, ఆదివారంలోగా ఖాళీ చేయాలట.

"చేపల షాపుకనే బిల్డర్ గారు అద్దెకిచ్చారండీ. కాగితం కూడా ఉందండీ," అన్నారామె. కాగితం చూశాను. నిజమే.

ఇంతలో పైనుంచి తాడు కట్టిన ప్లాస్టిక్ బుట్ట దిగింది. మూడో అంతస్తు బాల్కనీలో ఉన్నది నోటీసు మీద సంతకం చేసిన కార్యదర్శిగారే.

"మంగమ్మా, కేజీ కొర్రమీను. బూడిదేసి బాగా రుద్దమ్మా!"

"నోటీసిచ్చింది మీరే కదండీ?" అని కిందనుంచే అడిగాను.

"తినడం వేరండీ, మా బిల్డింగ్ కింద అమ్మడం వేరండీ."

మంగమ్మగారు చేపను రుద్ది, ముక్కలు కోసి బుట్టలో పెట్టారు. బుట్ట పైకి వెళ్లింది. నోటీసు షట్టర్ మీదే ఉంది.

బుట్టతో పాటు మూడో అంతస్తుకి వెళ్లింది ఏ వాసనో కార్యదర్శిగారు చెప్పలేదు. మీకు తెలిస్తే రాయండి, ఆదివారంలోగా.