తూర్పు కుర్చీ, నల్ల పావులు

కామేశ్వరరావు గారు నీటిపారుదల శాఖలో ఉద్యోగం వెలగబెట్టినన్నాళ్లూ చెరువులకు కట్టలు పోయించారు. రిటైరై పుప్పాలగూడలో ఫ్లాటు కొనుక్కున్నాక చదరంగంలోనూ అదే పని. ముందు బంట్లతో గట్టి కట్ట, ఆ తర్వాతే ఆట. అపార్ట్‌మెంటు పోటీలో ఏటా ఫైనల్‌కి వస్తారు, ఏటా ఓడిపోతారు. ఆ రెండో బహుమతి కప్పుల్లో ఆయన భార్య బాలాత్రిపురసుందరి గారు ఆవాలు, మెంతులు పోసుకుంటారు.

ఈసారి ఆవిడ తెగేసి చెప్పారు. "ఇప్పుడు కూడా ఓడారంటే రేపటి నుంచి నాతో నవ్వుల క్లబ్బుకి రావాలండీ."

పొద్దున్నే పార్కులో చేతులెత్తి ఊరికే హహహా అనడమా! పెద్దమనిషికి చెమటలు పట్టాయి. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో ఆవిడకే గుర్తులేదు.

ఫైనల్ కొత్త హాల్లో. ఎదుట సాఫ్ట్‌వేర్ కుర్రాడు రాకేష్. చీటీలో తెల్ల పావులు వచ్చినా, కామేశ్వరరావు గారు నల్లవాటి వెనక కుర్చీలో చతికిలబడ్డారు. కెమెరా బిగించాక, తెల్లవి ఆయన వైపు వచ్చేలా బోర్డు తిప్పేది లేదన్నారు నిర్వాహకులు.

"అంకుల్, జర ఆలోచించుండ్రి. తెల్లవైతే ఫస్ట్ ఎత్తు మీదే గదా."

"తూర్పు ముఖం బాబూ! తిరుగుండదు."

రాకేష్ రాజు ముందు బంటును రెండు గళ్లు తోశాడు. ఈయన మంత్రి పక్క శకటు ముందు బంటును ఒక్క గడి జరిపారు. పుస్తకాల్లో దాన్ని కారో-కాన్ అంటారు, ఈయన లెక్కలో చెరువుకట్ట. రాకేష్ గుర్రాన్ని బలిచ్చి మీద పడ్డప్పుడు ఆయన చెవుల్లో హహహా అని మోగింది. అయినా కట్ట తెగలేదు. కుర్రాడి బలగమంతా ఖర్చయిపోయాక, మిగిలిన నల్ల బంటొకటి తాపీగా అవతలి గట్టుకు నడిచి మంత్రి అయి కూర్చుంది.

"ఒక్క సందు గూడ దొరకలే అంకుల్," అని రాకేష్ చెయ్యి చాపాడు.

"చూశావటే తూర్పు మహిమ!" అన్నారాయన, ఆట చూడ్డానికొచ్చిన భార్యతో.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు. ఆయన మొహానికి సరిగ్గా ఎదురుగా, రెండు టవర్ల మధ్య సూర్యుడు దిగిపోతున్నాడు.

"మరి ఆయన అటు అస్తమిస్తున్నాడేవిటండీ?"

కామేశ్వరరావు గారు సూర్యుణ్ని చూశారు, నల్ల పావులను చూశారు. ముందు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు. కళ్లజోడు జారిపోయేలా, బల్ల మీది పావులు దొర్లిపోయేలా నవ్వారు. ఆ నవ్వు మళ్లీ వింటాననుకోలేదావిడ. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రేపు పొద్దున్నే తయారుగా ఉండండి."

"గెలిచాను కదే!"

"గెలిచారు లెండి. ఆ నవ్వు నాకు రోజూ కావాలి."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు.

"సరే వస్తాను. పార్కులో తూర్పు ఎటో మాత్రం నువ్వే చూపించు."