లమ్తపుట్ నుంచి మామ్మ గెలుచుకొచ్చింది

రాయగడలో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కేటప్పటికి నాకు తెలిసింది ఒక్కటే: మామ్మ కోరాపుట్ కొండల్లో తను పుట్టి పెరిగిన లమ్తపుట్ చూడాలంటోంది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమె కుడిచెయ్యి పిడికిలి బిగిసిపోయింది. పిసకమని డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతిని ఎడమచేత్తో కిటికీలోంచి పారేసింది. ఊరు చూస్తే మనసైనా కుదుటపడుతుందని నాన్న, తను కొట్టు వదిలి రాలేక, నన్ను తోడు పంపాడు. అది తొంభై ఎనిమిది. నేను కాలేజీ చివరి ఏడాదిలో ఉన్నాను.

వెళ్లదలచినవాళ్లకు ఒక మాట. ఈ దారిలో సొరంగాలు ఎక్కువ. కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడకండి. తిండి ఇంటి నుంచే తెచ్చుకోండి. మామ్మయితే బయటి మంచినీళ్లు కూడా ముట్టదు. ఉల్లి పకోడీల గంప పక్కనుంచి వెళ్తేనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కకిరిగుమ్మలో పులిహోర పొట్లం విప్పాం. ఎదుటి సీట్లో ఉన్న విజయనగరం ఆవిడ, "ఈ వయసులో లమ్తపుట్‌లో ఏటుందమ్మా?" అని అడిగింది.

"నా ఆట ఉంది," అంది మామ్మ.

మతి తప్పిందేమోనని ఆవిడా నేనూ మొహాలు చూసుకున్నాం.

కోరాపుట్‌లో దిగి మాచ్‌ఖండ్ బస్సు పట్టుకుని, మధ్యాహ్నం దాటాక లమ్తపుట్ చేరాం. మామ్మ వాళ్ల నాన్న ఉప్పుకొట్టు ఉన్నచోట సైకిల్ షాపు ఉంది. మామ్మ అటు చూడనైనా లేదు. తిన్నగా సంతలోకి నడిచి, అల్లం కుప్పలు పోసుకుని కూర్చున్న ఒక ముసలామె ముందు ఆగి, "సంగాతా" అంది. ఆమె పేరు సోమారి అని తర్వాత వేరేవాళ్లు చెప్పారు. చిన్నప్పుడు ఒట్టు పెట్టుకుని స్నేహం కట్టినవాళ్లు ఒకరి పేరొకరు పలకకూడదట, 'సంగాతా' అనే పిలుచుకోవాలట. ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు, అక్కడి దేశియా భాషలో ఏదేదో చెప్పుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

సోమారి నడుముకున్న గుడ్డసంచి విప్పి ఐదు వస్తువులు నేలమీద పోసింది. రేగుపళ్లంత ఉన్నాయి, అరిగి నున్నబడ్డాయి. మేం రాళ్లతో ఆడే అచ్చనగాయలే అనుకున్నాను. కాదట, మేక చీలమండ ఎముకలట. వాకిట్లో గుడ్డుపెంకు కనబడితే పసుపునీళ్లు చల్లించే మామ్మ, వాటిని ఎడమచేత్తో గబగబా పోగుచేసుకుంటోంది. ఆపాలా, ఊరుకోవాలా? నాన్నకు ఏమని చెప్పాలి?

సోమారి ఆ చేతిమీద ఒక్కటిచ్చింది. వచ్చీరాని తెలుగులో, "ఎడం సెయ్యి ఆట నేదు. కుడి సేత్తో ఎయ్యి," అంది.

తనే మామ్మ పిడికిట్లోకి, వేళ్ల సందుల్లోంచి, రెండు ఎముకలు దూర్చింది. మామ్మ చెయ్యి ఎగరేసింది. వేళ్లు వదల్లేదు. మళ్లీ ఎగరేసింది. ఎన్నోసారికో వదిలాయి, ఎముకలు అల్లంలో పడ్డాయి. ఎముకకు ఒకవైపున్న గుంట పైకి పడితే గెలుపని సోమారి అంది, మరోసారి అదే ఓటమంది. నాకు తల తిరిగిపోయింది. వాళ్లకు మాత్రం ఏ అనుమానమూ లేదు. పొద్దు వాలుతుండగా ఒక ఎముక మామ్మ చేతి వెనకవైపు పడి, వణుకుతూ నిలబడింది. అలా నిలిచింది గెలిచినవాళ్లదట. మిగతా నాలుగింటితో ఆట సాగదు కనుక, మళ్లీ తెచ్చేదాకా రెండోవాళ్లు ఎదురుచూడాలట.

ఆ రాత్రి తెలిసిన తెలుగు షావుకారు ఇంట్లో పడుకుని మర్నాడు తిరుగు రైలెక్కాం. దారంతా మామ్మ ఒళ్లో పిడికిలి ముడుస్తోంది, కష్టం మీద విప్పుతోంది. ఒకసారి ఎముక జారి సీటు కిందికి దొర్లింది. మామ్మ నావైపు చూసింది. పుట్టి బుద్ధెరిగి ఎముక ముట్టని నేను, వంగి తీసి ఇచ్చాను.

"పాపం కాదా మామ్మా?" అన్నాను.

"తిన్నానేటి అమ్మీ? ఆడేను."

బంతికి విప్పుకోని వేళ్లు ఎముకకు ఎందుకు విప్పుకున్నాయో, గుంట గెలుపో ఓటమో, నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ ఎముక మా ఇంటి గడప దాటిందని తెలిస్తే నాన్న ఆ పూటే పారేయిస్తాడని మాత్రం తెలుసు. అది పోతే వేళ్లు మళ్లీ బిగుసుకుపోతాయని భయం వేసింది.

రాయగడ ప్లాట్‌ఫారం మీద నాన్న మామ్మను దింపడానికి చెయ్యి చాచాడు. మామ్మ ఎడమచెయ్యి ఇచ్చింది. కుడి పిడికిలి గుండెకు ఆనించుకుంది. నాన్న దాన్ని చూసి నిట్టూర్చాడు.

"ఇంకా అలాగే ముడుసుకుపోయి ఉందేటే?"

"అలాగే ఉంది నాన్నా," అన్నాను.