బూడిద లేని రైలు సంఘం

మన దగ్గర ఏ సంఘమైనా ముందు ఫ్లెక్సీగా పుడుతుంది. తర్వాత అధ్యక్షుడు వస్తాడు, ఆ వెనక శాలువాలు వస్తాయి. పని కూడా పుడితే మంచిదే, పుట్టకపోతే దాని కోసం ఎవరూ ఏడవరు. డెబోరాకు ఈ సంగతి తెలియక కాదు. అయినా ఆమెకు ఒక సంఘం అవసరం పడింది.

డెబోరా గోదావరిఖనిలో మా గని వర్క్‌షాపు టర్నర్, లేత్ మీద ఇనుము తరిగే మనిషి. గని పనికి ఇక పనికిరాడని తండ్రి యేసయ్యను డాక్టర్లు తేల్చినప్పుడు ఆ ఉద్యోగం ఈమెకు వచ్చింది. మొదట చేతికి చీపురు ఇచ్చారు. ఊడుస్తూ లేత్ దగ్గర ఆగి చూసేది. అట్లా చూసే నేర్చుకుంది. ఎవరూ నిలబెట్టి నేర్పలేదు. నేర్పగలిగినవాళ్లు టీ కొట్టు దగ్గర తమ పనితనం గురించి చెప్పుకోవడంలో తీరిక లేకుండా ఉండేవాళ్లు. ఇవాళ పంపు షాఫ్టు అరిగితే వాళ్లే దాన్ని మోసుకొచ్చి ఆమె ముందు పెడతారు.

ఇంటి దగ్గర ఆమె చంకలో పట్టేంత రైలింజన్ చేసింది. బొమ్మ కాదు. పొయ్యిలో బొగ్గు వేసి అంటిస్తే బాయిలర్లో నీళ్లు మరిగి, ఆవిరి పిస్టన్‌ను తోసి, చక్రాలు తిరుగుతాయి. క్వార్టర్ వెనక ఇనుప పట్టీలతో పట్టాలు వేసి, మునగచెట్టు చుట్టూ, బట్టలుతికే బండ పక్కనుంచి దాన్ని తిప్పేది.

“పసిపిల్లకు పోసినట్టు తానం పోస్తవ్ దానికి. అదేమన్న అన్నం పెడ్తదా?” అనేది తల్లి సారవ్వ.

“పెట్టది అవ్వా. బొగ్గు తింటది, నీళ్లు తాగుతది. నీ లెక్క తిట్టది.”

ఇంతలో పాత క్వార్టర్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. కొత్తది పై అంతస్తులో ఇచ్చారు. అక్కడ పెరడు లేదు. పట్టాలు పీకి కట్టగట్టింది. ఇంజన్ బియ్యం డ్రమ్ము మీదికి ఎక్కింది. నడిచే దాన్ని నడవకుండా రోజూ చూడటం ఆమె వల్ల కాలేదు. పట్టాలున్న సంఘం ఏదైనా ఉందా అని వెతకడం మొదలుపెట్టింది.

జ్యోతినగర్‌లో ఒకటి దొరికింది. ఉద్యానవన ఆవిరి రైలు ప్రియుల సంఘమట. పేరు చదివేలోపే చాయ్ చల్లారుతుంది. అధ్యక్షుడు కిషన్, ఇంజనీరుగా రిటైరైన మనిషి. ఏ పనిలో ఇంజనీరో ఆయన మాటల్లో ఎక్కడా బయటపడలేదు. ఆదివారం పొద్దున డెబోరా ఇంజన్ సంచిలో పెట్టుకొని వెళ్లింది, తోడుగా నేను. లోపలికి అడుగు పెట్టగానే బీరువాలోంచి శాలువా తీసి కప్పారు. ఫొటోలో కిషన్ కళ్లు మూసుకున్నారని ఆ శాలువా విప్పి మళ్లీ కప్పారు.

తర్వాత తోట చూపించారు. గడ్డి మీద ప్లాస్టిక్ పట్టాలు, వాటి మీద బ్యాటరీతో తిరిగే ఇంజన్. పొగగొట్టంలో అగర్‌బత్తి గుచ్చారు. కూత ఒకాయన ఫోన్లోంచి వచ్చింది. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆ తోటలో చల్లగా లేనిది ఆ అగర్‌బత్తి కొన ఒక్కటే.

డెబోరా ఒకే ప్రశ్న వేసింది. “సార్, బూడిద ఏడ పోస్తరు?”

“బూడిదా? అట్లాంటివి మా దగ్గర ఉండవు మేడమ్. చాలా నీట్‌గా మెయింటైన్ చేస్తం,” అన్నాడు కిషన్.

నిప్పు పెట్టేచోట బూడిద ఉంటుంది. మన బొగ్గుకైతే మరీ ఎక్కువ. బూడిద పోసే జాగా లేని ఆవిరి సంఘం ఎట్లాంటిదో ఆమెకు అక్కడే అర్థమైంది. కానీ అసలు ఇనుప పట్టాలు వేయించే పని నడుస్తోందని, ముఖ్య అతిథి తేదీ ఇవ్వగానే ప్రారంభమని కిషన్ చెప్పాడు. ఆ రోజు స్కూలు పిల్లల ముందు ఆమె ఇంజన్ నడపాలట. మహిళా విభాగం కన్వీనర్ కూడా ఆమేనట. ఆ విభాగంలో ఇంకెవరూ లేరు.

వారం తిరగకుండా చౌరస్తాలో ఫ్లెక్సీ వెలిసింది. మూతి కోసుగా ఉన్న కరెంటు రైలు బొమ్మ, పక్కన డెబోరా, కింద ‘రైలింజన్ సృష్టికర్త శ్రీమతి డెబ్బోరా’. సారవ్వ చర్చి నుంచి వస్తూ ఎవరితోనో చదివించుకుంది.

“సృష్టికర్త ఒక్కడే, పైనున్నడు,” అంది ఇంటికొచ్చి. “నీకెప్పుడిచ్చిండే గా డ్యూటీ?”

రెండో సంఘానికి పేరు లేదు. గోదావరి అవతల, మంచిర్యాలలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లు వెనక నలుగురు కూడతారని తెలిసి వెళ్లాం. గేటు పక్కన నల్లటి బూడిద కుప్ప, దాని మీద ఒక కుక్క పడుకొని ఉంది. అది చూడగానే డెబోరా ముఖం విప్పారింది. వడ్లు ఆరబోసే కళ్లం అంచునే పట్టాలు. మిల్లు బాయిలర్ చూసుకునే రాజం అక్కడ పెద్దమనిషి. మోచేతుల దాకా మసి పూసుకొని పక్కన కూచున్నది సంధ్యారాణి, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది.

శాలువా లేదు, చాయ్ కూడా అడగలేదు. రాజం ఇంజన్ ఎత్తి, తిప్పి, చక్రాల మీద వేలు రాశాడు.

“లేత్ పని మంచిగున్నది బిడ్డా. బాయిలర్ ఎవలు అతికిండ్రు?”

“బయట గ్యాసు వెల్డింగాయన అతికిండు కాకా.”

“పరీచ్చ పెట్టినవా?”

“పెరట్ల ఏడాది నడిపిన. ఇంకేం పరీచ్చ?”

“పెట్టకుంటె ఈడ అగ్గి పెట్టనియ్య.”

బాయిలర్‌ను గాలి లేకుండా నీళ్లతో నింపి, చేతిపంపుతో ఒత్తిడి పెంచారు. నీళ్లతో చేస్తే ఎక్కడైనా పగిలినా కారుతుందే తప్ప పేలదు. ఒత్తిడి చూపే ముల్లు ఇంకా సగం దూరం పోకముందే, ఎక్కువైన ఆవిరిని వదిలే సేఫ్టీ వాల్వ్ మొదలు దగ్గర ఒక చుక్క మెరిసింది. రాజం అక్కడ గోరుతో గీకాడు. రంగు పొర లేచింది, కింద బూడిద రంగు ముద్ద కనిపించింది.

“ఇదేంది?”

“ఎంసీల్,” అంది డెబోరా.

“నీళ్ల ట్యాంకుకు పెడ్తరు గది.”

“జర కారుతుంటె పెట్టిన. అప్పట్నుంచి మంచిగనే నడుస్తుంది.”

“నడుస్తది అక్కా,” అంది సంధ్యారాణి, పంపు పిడి వదలకుండా. “ఒకనాడు ఊడుతది. ఆనాడు నీ మొఖం గా వాల్వ్ మీదనే ఉంటది.”

లేత్ మీద వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్కను పారేసే మనిషి, ఆవిరి దగ్గరికి వచ్చేసరికి ముద్ద పూసి రంగేసింది. మా వర్క్‌షాపులో ఆ ఇంజన్‌ను ఎత్తుకొని ఫొటో దిగనివాడు లేడు. బాయిలర్ ఎవరు అతికారని అడిగినవాడు ఒక్కడూ లేడు. మా మెచ్చుకోళ్ల విలువ అంత.

“బాయిలర్ కొత్తది చేసుకొని రా. అప్పుడు జూద్దాం,” అని రాజం ఇంజన్ తిరిగి చేతిలో పెట్టాడు. బస్సులో డెబోరా సంచిని ఒళ్లో పెట్టుకొని కూచుంది. గోదావరి దాటినాక అంది: “ముసలాయనకు పొగరు.”

మర్నాడు షిఫ్టు మధ్యలో కిషన్ ఫోన్. చేతులకు నూనె అంటి ఉందని స్పీకర్ పెట్టింది. ముఖ్య అతిథి తేదీ ఇచ్చాడట.

“సార్, బాయిలర్ బాగ లేదు. అతుకు కారుతుంది. పిల్లల ముంగట అగ్గి పెట్టద్దు,” అంది డెబోరా.

“ఏం కాదు మేడమ్. అయిదు నిమిషాలే కదా. అంత భయమైతే ఖాళీ ఇంజన్ పెట్టండి. అగర్‌బత్తి మేం చూసుకుంటం.”

ఆమె లేత్ ఆపింది. “సార్, గా ఫ్లెక్సీల నా పేరు తీసెయ్యిండ్రి.”

“పేరు తప్పు పడ్డందుకా? మార్పిస్తం మేడమ్.”

“మార్చద్దు. తీసెయ్యిండ్రి.”

డ్యూటీ దిగినాక హాక్సా రంపం తీసుకొని ఆ బాయిలర్‌ను తానే అడ్డంగా కోసింది. లోపల చూస్తే ఇంకో అతుకు కూడా సగమే పట్టి ఉంది. ఆ ముక్కలు పట్టుకొని మంచిర్యాల వెళ్లి, పొగరున్న ముసలాయన ముందు పెట్టి, అతకడం నేర్పమంది. రాజం ముందు అతికి చూడమని పాత రాగి గొట్టాలు ఇచ్చాడు. ఆమె అతికినవన్నీ చాలా ఆదివారాలు పగలగొట్టి చూపిస్తూనే పోయాడు. సారవ్వ మాత్రం పరీక్ష తప్పిన పిల్లను అడిగినట్టు అడిగేది: “ఇయ్యాల్నన్న పాసైనవా?”

వానాకాలం పోయాక కొత్త బాయిలర్ పరీక్షకు నిలిచింది. ముల్లు చివరిదాకా పోయి అక్కడే ఆగింది. ఎక్కడా చుక్క లేదు. రాజం అగ్గిపెట్టె ఆమె వైపు విసిరాడు. అదే సభ్యత్వం. ఇంజన్ కళ్లం చుట్టూ తిరిగింది, ఆగింది, మన బొగ్గే కాబట్టి బోలెడు బూడిద దింపింది, మళ్లీ తిరిగింది.

ఇంజన్ కింద కారిన నూనె తుడవడానికి డెబోరా సంచిలోంచి కిషన్ వాళ్లు కప్పిన శాలువా తీసింది. ఎంత రుద్దినా నూనె పీల్చదు, అటూ ఇటూ పూస్తుంది.

“అది మందికి చూపెట్టే బట్ట బిడ్డా, తుడిచేది కాదు,” అని రాజం పాత లుంగీ ముక్క ఇచ్చాడు.

శాలువాను ఆమె కుక్క ముందు పరిచింది. కుక్క దాన్ని వాసన చూసి, పక్కకు జరిగి, బూడిదలోనే పడుకుంది.