గంజి వాసన

కొత్త నేతచీర మడత విప్పగానే వచ్చే గంజి వాసనకు, మా మేనత్తకు మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.

చిన్నప్పుడు కార్తీక పౌర్ణమికి అత్తతో రామాపురం వెళ్లి, తెల్లవారుజామున సముద్రంలో చాలాసేపు ఈదాను. నీళ్లలో బాగానే ఉంది, ఒడ్డుకొచ్చాకే వణుకు పట్టుకుంది. అయినా తడిబట్టలతోనే దీపం వదలాలని అరటిదొప్ప పట్టుకుని నిలబడ్డాను.

చీరాలలో మగ్గం నేసే అత్త తనూ మునక వేసి వచ్చి, సంచిలోంచి కొత్తచీర లాగింది.

"పెదాలు నల్లబడ్డాయే! తడివి విప్పేసి ముందు ఇది చుట్టుకో."

"దీపం వదల్లేదత్తా, దేవుడికి కోపమొస్తుంది."

"వస్తే నామీదికి రానీలేవే."

చీరలో మెల్లగా వణుకు తగ్గింది. బస్సులో ఇంటికొచ్చేదాకా అత్త తడిచీరతోనే కూర్చుంది. నా బదులు తను నియమం పాటిస్తోందనుకున్నాను. ఆమె మార్చుకోవడానికి తెచ్చుకున్న చీర నా ఒంటిమీదుందని ఆ వెచ్చదనంలో నాకు తట్టనేలేదు.