డ్రిల్లు సారు, మా ఇంటి పొద్దుటి పని

డ్రిల్లు సారు పోయారని మొన్న పాలు పోసే ఆమె చెప్పింది. గుండెపోటట. రామన్నపేటలో ఆయన చేతి కింద పరుగెత్తిన పిల్లలు లేని ఇల్లు తక్కువ. మా ఇంటి నుంచీ ఒక పిల్ల పరుగెత్తింది.

బడిలో ఉద్యోగ విరమణ అయ్యాక, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలను రెండు పూటలా మైదానంలో పరుగెత్తించేవారు. అందరికంటే ముందు వచ్చి పల్లేరు కాయలు ఏరేవారు. ఎవరినీ తిట్టరు. ఆలస్యంగా వచ్చిన వాళ్లను మాత్రం "రాండ్రి దొరా" అని పిలిచేవారు. ఆ పిలుపు రెండోసారి పడకుండా పిల్లలు జాగ్రత్తపడేవారు.

మా మనుమరాలు కానిస్టేబుల్ పరుగుకు సాయంత్రాలే పోయేది. దీపం పెట్టే వేళకు ఆడపిల్ల ఇంట్లో ఉండాలన్నది నా నియమం. పైగా ఉద్యోగానికి అసలు పరుగు పరీక్ష పెట్టేది పొద్దున. సాయంత్రానికి అలవాటుపడ్డ కాళ్లు ఆనాడు మొరాయిస్తే ఉద్యోగం చేజారినట్టే. అందుకని నేనే వెళ్లి, పిల్లను పొద్దున రమ్మనండి అని ఆయనతో చెప్పాను.

ఇంట్లో పొద్దున వాకిలి ఎవరు ఊడుస్తారని అడిగారు. మనుమరాలన్నాను. పేడనీళ్ల అలుకు చల్లేది? ఆమే. బోళ్లు తోమేది? ఆమే.

"మరి పిల్ల పొద్దుగాల ఎట్లొస్తదమ్మా? నేను రమ్మంటనే ఉన్న. మీరే ఇడిసిపెడ్తలేరు."

ఆడపిల్లకు పని అలవాటు కావద్దా అన్నాను.

"కావాలె. జర మీ మనుమనికి గూడ కానీయున్రి. పండుకున్నోన్ని లేపుతె పాపం తాకదు."

నాకు కోపం వచ్చింది. కానీ ఆయన మాటలో తప్పు దొరకలేదు. మరునాటి నుంచి చీపురు ఆమె తమ్ముడి చేతికిచ్చాను. వాడు చల్లిన అలుకు సగం గోడకే పడేది. రెండు పూటలూ పోతానని మనుమరాలు ఉత్సాహపడితే, సారే వద్దన్నారు. ఒక్క పూట చాలు, కానీ మానొద్దని చెప్పారట.

నల్లగొండలో పరుగు పెట్టిన నాడు ఆయన గేటు బయటే నిలబడ్డారు. నెగ్గి వచ్చిన పిల్లను ఎంతసేపట్లో ఉరికినవని అడగలేదు. "తిన్నవా?" అన్నారట. ఆమె ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం చేస్తోంది.

పిల్ల పొద్దున పరుగుకు పోయిన ఆ నెలల్లో చీకటి విడవకముందే ఆయన మా సందు మొదట్లోకి వచ్చేవారు. నేను అడిగింది లేదు. గడప దాకా ఒక్కనాడూ రాలేదు, పిలవనూ లేదు. వాకిట్లో నిలబడితే నాకు ఆయన తెల్ల చొక్కా ఒక్కటే కనిపించేది. పిల్ల దగ్గరికి చేరగానే అది మెల్లగా మైదానం వైపు తిరిగేది.